పన్నెండో తరగతి పుటలు

ఆగస్టు 14, 2024, బుధవారం

స్కూలు తెరిచి రెండో రోజు. కౌన్సెలర్ల గది ముందు పొద్దున్నుంచీ క్యూ. షెడ్యూలు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది సీనియర్లే. నా కాలిక్యులస్ క్లాసు పిల్లలు కూడా ఆ వరసలో కనబడ్డారు.

ఒకడు మాత్రం అక్కడికి పోకుండా తిన్నగా నా దగ్గరకే వచ్చాడు. తెలుగువాళ్ల అబ్బాయి. నిరుడు ప్రీకాలిక్యులస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఇంజనీరింగు చదువుతానంటాడు.

"మిస్, కాలేజీలు చూసేది జూనియర్ ఇయర్ దాకానే కదా! ఇంక ఈ క్లాసు ఎందుకు? తేలికది, స్టాటిస్టిక్స్ పెట్టుకుంటాను."

ఈ మాట ఏటా వింటాను. ఇందులో సగం నిజం ఉండబట్టే ఇన్నేళ్లుగా చెల్లుబాటవుతోంది. అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తు పంపేటప్పటికి ట్రాన్స్‌క్రిప్టులో ఉండే మార్కులు తొమ్మిది, పది, పదకొండు తరగతులవే. పన్నెండోది ఇంకా నడుస్తూనే ఉంటుంది. కానీ ఆ దరఖాస్తులోనే ఈ ఏడాది ఏయే సబ్జెక్టులు చదువుతున్నావో రాయాలి. జనవరి, ఫిబ్రవరిలో కౌన్సెలర్ మిడ్ ఇయర్ రిపోర్టు పంపుతారు. అందులో మొదటి సెమిస్టర్ మార్కులుంటాయి. చదువైపోయాక వేసవిలో ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు వెళుతుంది. అంటే పన్నెండో తరగతిని కాలేజీవాళ్లు మూడుసార్లు చూస్తారు: ఏం తీసుకున్నాడని ఒకసారి, ఎలా చదువుతున్నాడని ఒకసారి, చివరిదాకా చదివాడా అని మరోసారి.

ఇదంతా వాడికి చెప్పాను. స్టాటిస్టిక్స్ తక్కువ సబ్జెక్టని కాదు. సైకాలజీకో బిజినెస్‌కో వెళ్లే పిల్లలకి అదే ఎక్కువ పనికొస్తుంది. ఇంజనీరింగుకి వెళ్లేవాడు పన్నెండులో కాలిక్యులస్ వదిలేస్తే మాత్రం, ఆ దరఖాస్తు చదివే మనిషి మొదట అడిగేది అదే. వాడు కాసేపు గుమ్మం దగ్గర నిలబడి, "సరే మిస్, ఉంటాను" అన్నాడు. ఉన్నందుకు సంతోషించాను.

సెప్టెంబరు 7, 2024, శనివారం, వినాయక చవితి

డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో పూజ. ఉండ్రాళ్లు చేతిలో పెట్టీపెట్టగానే అడ్మిషన్ల మాటలు మొదలు. మా ఊళ్లో పండగ నాడు ఈడొచ్చిన పిల్లల సంబంధాలు మాట్లాడుకునేవాళ్లు. ఇక్కడ ర్యాంకులు మాట్లాడుకుంటారు.

ఒకావిడ పక్కకి పిలిచి అడిగింది. "మా అమ్మాయి క్లాసులో 7 శాతంలో ఉందండీ. ఈ ఏడాది గట్టిగా చదివితే 6 లోకి వస్తుందా? ఆస్టిన్‌లో సీటు గ్యారంటీయేనా?"

టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్లకి ఈ శాతం లెక్క కంఠతా వచ్చు గానీ దాని వెనక కథ చాలామందికి తెలియదు. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ హౌస్ బిల్ 588 తెచ్చింది. అప్పటి గవర్నరు జార్జ్ బుష్ సంతకం చేశారు. ఏ హైస్కూల్లోనైనా పై 10 శాతంలో నిలిచిన పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రవేశం ఖాయం. డాలస్ శివార్లలోని పెద్ద స్కూలైనా, రియో గ్రాండె లోయలోని చిన్న ఊరి స్కూలైనా ఒకటే కొలత. నాకు ఈ చట్టంలో నచ్చేది అదే. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో సీట్లన్నీ ఈ దారినే నిండిపోతుంటే 2009లో ఆ ఒక్క యూనివర్సిటీకి సవరణ చేశారు. రాష్ట్రంలోని పిల్లలకిచ్చే సీట్లలో నాలుగింట మూడు వంతులు మాత్రమే ఈ పద్ధతిలో నింపుతారు. అందుకని అక్కడ 10 కాస్తా 6 అయింది. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇప్పటికీ 10.

ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆస్టిన్ దరఖాస్తు గడువు డిసెంబరు 1. అప్పటికి చేతిలో ఉండేది జూనియర్ ఇయర్ చివర వేసిన ర్యాంకే. ఇప్పుడు వచ్చే మార్కులతో అది కదలదు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"మరి ఈ ఏడాది చదవడం ఎందుకండీ?"

ఆ ప్రశ్న కష్టం కలిగించింది. అమ్మాయి అక్కడే వింటోంది.

ర్యాంకు శాతంలో పడనివాళ్ల దరఖాస్తుల్ని అన్ని కోణాల్లోంచీ చదువుతారు. పన్నెండులో ఏం తీసుకున్నదీ అందులో కనబడుతుంది. శాతంలో ఉన్నవాళ్లకి ఖాయమయ్యేది యూనివర్సిటీయే తప్ప కోరిన మేజర్ కాదు. కంప్యూటర్ సైన్సుకీ బిజినెస్‌కీ వేరే పరిశీలన ఉంటుంది. అసలు ఈ ఆటోమేటిక్ ప్రవేశానికి అర్హత రావాలంటే డిస్టింగ్విష్డ్ లెవెల్‌తో హైస్కూలు ముగించాలి. దానికి ఆల్జీబ్రా 2తో కలిపి నాలుగు మ్యాథ్ క్రెడిట్లు ఉండాలి. నాలుగో క్రెడిట్‌ని పన్నెండులో పూర్తి చేయాల్సినవాళ్లు దాన్ని వదిలేస్తే, ఎంత పై ర్యాంకున్నా ఆ అర్హతే పోతుంది. ఇదంతా చెప్పాను. అమ్మాయి శ్రద్ధగా విన్నది. తల్లి ఎంత విన్నదో తెలియలేదు.

సెప్టెంబరు 22, 2024, ఆదివారం

ఆస్టిన్ యూనివర్సిటీ 2026లో చేరబోయేవాళ్లకి 6 శాతాన్ని 5కి తగ్గిస్తున్నట్టు ఈ నెల ప్రకటించింది. ఇప్పటి జూనియర్లకి వర్తిస్తుంది. వారమంతా ఆ తల్లిదండ్రుల ఫోన్లే.

వాళ్ల భయం అర్థం చేసుకోగలను. కానీ దాని ఫలితం నా క్లాసులో కనబడుతుంది. తొమ్మిదో తరగతి నుంచే ఏ క్లాసుకి వెయిటేజీ ఎక్కువో చూసి ఎంచుకోవడం, ఆర్కెస్ట్రా అంటే ప్రాణమైన పిల్ల జీపీఏ తగ్గుతుందని దాన్ని మానేయడం, పదకొండులో ఒకేసారి ఐదారు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులు మోయడం, రాత్రి ఒంటిగంటకి పడుకోవడం. ఆ ర్యాంకు వచ్చేశాక ఇంట్లో అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటారు. పిల్లవాడూ పీల్చుకుంటాడు. మూడేళ్లు చదువు ర్యాంకు కోసమేనని చెప్పి, నాలుగో ఏడు ర్యాంకు లేని చదువుని ఇష్టపడమంటే ఎలా ఇష్టపడతాడు?

అక్టోబరు 30, 2024, బుధవారం

రేపు దీపావళి, ఎల్లుండి నవంబరు 1. ముందస్తు (ఎర్లీ) దరఖాస్తుల గడువులు చాలావరకు ఆ రోజే. సిఫార్సు ఉత్తరాలు చివరి రెండూ పంపేసి కంప్యూటరు మూశాను.

కాలేజీవాళ్లకి రాసే ఫారంలో పిల్లవాడిని తోటివాళ్లతో పోల్చి చెప్పమంటారు. ఆ గడులు నింపడం నాకు ఎన్నడూ సులువు కాలేదు. ఉత్తరం రాయడం మాత్రం ఇష్టం. బోర్డు మీద నేను తప్పు గుర్తు వేస్తే లేచి చెప్పిన పిల్ల, జవాబు వచ్చాక కూడా ఇంకో పద్ధతిలో చేసి చూసుకునే పిల్లవాడు, వీళ్ల గురించి రాస్తుంటే రాత్రి ఎంతైందీ తెలియదు.

మొదటి తొమ్మిది వారాల గ్రేడ్లు వచ్చాయి. ఎర్లీ దరఖాస్తులకి కొన్ని కాలేజీలు ఈ గ్రేడ్లు కూడా పంపమని కౌన్సెలర్‌ని అడుగుతున్నాయి. ఆగస్టులో నా దగ్గరకొచ్చిన అబ్బాయికి 88. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీకి ఎర్లీ యాక్షన్‌లో పంపాడు. ఇంజనీరింగుకే.

డిసెంబరు 18, 2024, బుధవారం

సెమిస్టర్ పరీక్షల వారం, ఎర్లీ ఫలితాల వారం ఒకటే కావడం పిల్లలకి పెద్ద శిక్ష. సాయంత్రం ఫోనులో ఫలితం, పొద్దున్నే పరీక్ష.

ఆ అబ్బాయికి సీటొచ్చింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. వాడి ముఖంలో అంత తేట ఎప్పుడూ చూడలేదు. మెరిట్ స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారట.

మూడో వరసలో కూర్చునే అమ్మాయిని మాత్రం ఆమె కోరుకున్న కాలేజీ డిఫర్ చేసింది. అంటే కాదనీ కాదు, ఔననీ కాదు. మార్చిలో మిగతావాళ్లతో కలిపి మళ్లీ చూస్తామని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందరూ వెళ్లాక వచ్చింది.

"మిస్, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"రేపటి పరీక్ష రాయాలమ్మా."

అలా అనాలని ముందుగా అనుకోలేదు. కానీ నిజానికి ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. వ్యాసాలు వెళ్లిపోయాయి, ఎస్‌ఏటీ స్కోరు వెళ్లిపోయింది, ఉత్తరాలు వెళ్లిపోయాయి. దరఖాస్తులో ఇంకా రాయని పేజీ మొదటి సెమిస్టర్ మార్కులదే. డిఫర్ అయినవాళ్ల విషయంలో వాళ్లు కొత్తగా చూడబోయేదీ అదే. ఇది చెబితే కళ్లు తుడుచుకుని సరేనంది.

జనవరి 8, 2025, బుధవారం

సాయంత్రం ఒక తండ్రి ఫోను. మా వైపువాడే, గుంటూరు జిల్లా. మర్యాదస్తుడు.

"మేడమ్ గారూ, అబ్బాయికి 89 వేశారు. ఒక్క మార్కండీ. 90 అయితే ఏ అవుతుంది. మిడ్ ఇయర్ రిపోర్టు పోతోంది కదా."

లెక్క మళ్లీ చూస్తానన్నాను. లైన్లో ఉంచే చూశాను. ప్రతి పరీక్ష, ప్రతి క్విజ్, హోంవర్కు, అన్నీ. 88.6, పైకి సరిచేస్తే 89. కూడికలో తప్పు లేదు. అదే చెప్పాను.

"మీరు అనుకుంటే అవుతుంది కదండీ."

టెక్సస్ విద్యా చట్టం ప్రకారం టీచరు వేసిన గ్రేడే తుది. అది అడ్డగోలుగా వేసిందో, లెక్క తప్పిందో, స్కూల్ డిస్ట్రిక్ట్ నియమాలకి విరుద్ధమైనదో అయితేనే మార్చాలి. కానీ నేను చట్టం మాట ఎత్తలేదు. ఆయనతో అన్నదిది: "మా ట్రాన్స్‌క్రిప్టులో అంకె ఉంటుందండీ, అక్షరం కాదు. చదివేవాళ్లకి 89 అంటే 89గానే కనబడుతుంది. నిరుడు 91, ఇప్పుడు ఇంకా కష్టమైన క్లాసులో 89. నిలకడగా ఉన్న పిల్లవాడని చదువుకుంటారు. వాళ్లు వెతికేది ఒక్క మార్కు కోసం కాదు, జారుడు కోసం."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మా రోజుల్లో ఒక్క మార్కుకే సీటు పోయిందండీ నాకు" అన్నాడు. ఎన్నో ఏళ్ల కిందటి ఎంసెట్ కౌన్సెలింగ్ గాయం డాలస్‌లో కొడుకు మార్కుల దగ్గర సలుపుతోంది. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆఖరికి "మీరు చెప్పారు గనక నమ్ముతాను" అని పెట్టేశాడు. ఆ మాటకి నా మనసు నిండింది.

ఎర్లీలో సీటొచ్చిన అబ్బాయికి సెమిస్టర్‌కి 84. ఆఖరి పరీక్షలో తగ్గింది.

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం

ఫ్రీమాంట్‌లో ఉన్న అక్కతో ఫోనులో గంటసేపు. వాళ్లబ్బాయి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి పెట్టాడు. అక్కడ లెక్కే వేరు. వాళ్ల జీపీఏలోకి వచ్చేవి పది, పదకొండు తరగతులూ, ముందూ వెనకా వేసవుల్లో చేసిన కోర్సులూ మాత్రమే. తొమ్మిదీ రాదు, పన్నెండూ రాదు. ఎస్‌ఏటీ అసలే చూడరు. అక్క ధీమా అదే: "ఇంక వాడి పని అయిపోయినట్టేనే."

కాలేదని చెప్పాను. వాళ్లిచ్చే ప్రవేశం షరతులతో ఇచ్చేది. పన్నెండులో 3.0 నిలబెట్టాలి, డీ గానీ ఎఫ్ గానీ రాకూడదు, ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు జూలై 1కి చేరాలి. దరఖాస్తులో రాసిన క్లాసు ఏదైనా మానేస్తే వాళ్లకి తెలియజేయాలి. వాడు జనవరిలో ఫిజిక్స్ మానేశాడట. ఇవాళే రాయించమన్నాను.

జార్జియాలో మళ్లీ ఇంకో రకం. కమింగ్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలి కూతురు హోప్ స్కాలర్‌షిప్ మీద ఆశపెట్టుకుంది. 1993లో గవర్నరు జెల్ మిల్లర్ లాటరీ డబ్బుతో మొదలుపెట్టిన పథకం. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, విదేశీ భాషల గ్రేడ్లతో రాష్ట్రమే ఒక జీపీఏ కడుతుంది. 3.0 ఉంటే హోప్. 3.7తో పాటు టెస్టు స్కోరూ ఉంటే జెల్ మిల్లర్. హైస్కూలు ముగిశాకే ఆఖరి లెక్క తేలుతుంది. అంటే అక్కడ పన్నెండో తరగతి మే నెల గ్రేడు నేరుగా ఫీజు డబ్బు. దానికి పౌరసత్వమో గ్రీన్ కార్డో కావాలి. హెచ్-4 వీసా మీద ఉన్న మన పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్ల పక్కన కూర్చుని అదే పరీక్ష రాసి అవే మార్కులు తెచ్చుకున్నా ఆ స్కాలర్‌షిప్ రాదు, ఫెడరల్ సాయమూ రాదు. వాళ్లకి మిగిలేవి కాలేజీలు సొంతంగా ఇచ్చే మెరిట్ డబ్బులే. నా క్లాసులో అలాంటి అమ్మాయి ఒకతె ఉంది. ఏ మార్కుకి ఎంత విలువో ఆమెకి తెలిసినంత మరెవరికీ తెలియదు. పదిహేడేళ్ల పిల్లకి అది తెలియాల్సి రావడం నాకు నచ్చదు.

మార్చి 28, 2025, శుక్రవారం

ఈ వారమంతా ఫలితాలే. డిఫర్ అయిన అమ్మాయికి ఆ కాలేజీ రాలేదు. ఇంకో మంచి కాలేజీలో వచ్చింది. జనవరిలో వెళ్లిన రిపోర్టులో ఆమెకి నా క్లాసులో 96. ఆ 96 వల్లే వచ్చిందని నేను అనను. ఎవరూ అనలేరు. దరఖాస్తు చదివినవాళ్ల ముందు అదీ ఉందని మాత్రం చెప్పగలను. ఇవాళ క్లాసులో ఎప్పటిలాగే ముందు చెయ్యెత్తింది.

ఏప్రిల్ 12, 2025, శనివారం

తెనాలి నుంచి తమ్ముడి ఫోను. ఆంధ్రాలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. మేనల్లుడికి బాగా వచ్చాయి. అక్కడా ఇదే గొడవ, ఇంకో రూపంలో. జేఈఈ ధ్యాసలో పడి బోర్డు పరీక్షని పట్టించుకోని పిల్లలున్నారు. కానీ జేఈఈ ర్యాంకుతో ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో చేరాలన్నా పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి, లేదా ఆ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం. ఆంధ్రాలో ఈఏపీసెట్ ర్యాంకుకి ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు 25 శాతం కలుస్తాయి. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు. మంచిదో కాదో నిపుణులు తేల్చాలి గానీ, తీసేశాక కాలేజీల్లో బోర్డు పాఠాలు ఇంకా వెనక్కి పోతాయేమోనని నా బెంగ.

ఒక తేడా ఉంది. మన ఇంటర్‌లో చదువంతా మార్చి పరీక్షల మీద ఆగి ఉంటుంది. అవి రాసేశాక ఇంక ఎవరూ అడగరు. ఇక్కడ ఆఖరి పబ్లిక్ పరీక్షంటూ లేదు. రోజువారీ పనే మార్కు. అక్కడ చదివి వచ్చిన తల్లిదండ్రులకి, సీటొచ్చాక కూడా లెక్క నడుస్తూనే ఉంటుందన్నది అందుకే మనసుకెక్కదు.

ఏప్రిల్ 23, 2025, బుధవారం

ఎర్లీ అబ్బాయి. రాత్రి పేపర్లు దిద్దుతూ వాడి పేపరు దగ్గర ఆగిపోయాను.

శంకువు ఆకారంలో ఉన్న ట్యాంకులోకి నీళ్లు పోస్తున్నారు, నీటి ఎత్తు ఎంత వేగంతో పెరుగుతోంది అన్నది లెక్క. బొమ్మ చక్కగా వేశాడు. వ్యాసార్థాన్ని ఎత్తులోకి మార్చాడు, అది తెలివైన అడుగు, సగంమంది అక్కడే పడతారు. ఘనపరిమాణం సూత్రం రాశాడు. డీవీ బై డీటీ అని రాసి సమానం గుర్తు పెట్టాడు. ఆ తర్వాత తెల్ల కాగితం. మిగతా మూడు లెక్కలూ ముట్టుకోలేదు. రాక కాదు. ఆ సమానం గుర్తు దాకా వచ్చినవాడికి తరవాతి అడుగు తెలియకపోవడం ఉండదు.

ఇప్పుడు వాడి సగటు 61.

ఇవాళ లంచ్ టైంలో కూర్చోబెట్టుకున్నాను. ఫిబ్రవరి నుంచే హోంవర్కు మానేశాడు. వారానికి రెండు రోజులు రావడం లేదు.

"ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదు మిస్. అలసిపోయాను. సీటొచ్చేసింది కదా. ఇంట్లో కూడా ఏమీ అనడం లేదు."

కోపం రాలేదు. వాడు చెప్పింది అబద్ధం కాదు. తొమ్మిది నుంచి పదకొండు దాకా వాడిని ఎలా పరుగెత్తించారో నాకు తెలుసు. ఆఫర్ లెటర్ చూపించమన్నాను. ఫోనులో తీశాడు. అభినందనల పేజీ ఒకటి, మామూలుగా అందరూ వాట్సాప్‌లో పంపుకునేది. కిందకి జరిపితే రెండో పేజీ ఉంది. ఇప్పటి స్థాయిలోనే చదువు పూర్తి చేయాలి, ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు చూశాకే ప్రవేశం ఖరారు, మార్కులు బాగా పడిపోతే ప్రవేశాన్ని గానీ స్కాలర్‌షిప్‌ని గానీ వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. వాడు ఆ పేజీ తెరవడం అదే మొదటిసారి.

నిజంగా తీసేస్తారా అని అడిగాడు. అరుదే. చాలాచోట్ల ముందు వివరణ అడుగుతారు. కానీ జరగదని చెప్పడానికి లేదు. 2017 వేసవిలో యూసీ అర్వైన్ ఒక్కసారిగా 499 మంది ప్రవేశాలు వెనక్కి తీసుకుంది. వాటిలో ఎక్కువ ట్రాన్స్‌క్రిప్టులు సమయానికి అందలేదన్న కారణంతో, మిగతావి సీనియర్ ఇయర్ మార్కులు పడిపోవడంతో. దేశమంతా గొడవైతే ఛాన్సలర్ హోవార్డ్ గిల్‌మన్ క్షమాపణ చెప్పి కాగితాల కారణంగా పోయినవాళ్లని తిరిగి తీసుకున్నారు. మార్కుల షరతు తప్పినవాళ్లకి ఆ మినహాయింపు ఇవ్వలేదు.

అయినా వాడికి నేను గట్టిగా చెప్పింది సీటు పోతుందని కాదు. సెప్టెంబరులో ఆ యూనివర్సిటీలో రెండు మూడొందల మంది కూర్చునే హాల్లో కాలిక్యులస్ మొదలవుతుంది. అక్కడ నాలాంటివాళ్లు లంచ్‌కి పిలిచి కూర్చోబెట్టరు. ఏ అండ్ ఎమ్‌లో చూడు, ఇంజనీరింగులో చేరాక మొదటి ఏడాది జీపీఏ 3.75 ఉంటేనే కోరిన బ్రాంచి ఖాయం. లేకపోతే మళ్లీ పోటీ. నిరుడు నా దగ్గర 95తో వెళ్లినవాళ్లే మొదటి సెమిస్టర్‌లో కిందా మీదా పడుతున్నామని మెయిల్ రాస్తారు. ఆరు నెలలు పెన్ను ముట్టనివాడు ఎలా నిలబడతాడు?

మే మొదట్లోగా మిగిలిన హోంవర్కులు ఇస్తే తీసుకుంటానన్నాను. ఇస్తానన్నాడు.

మే 4, 2025, ఆదివారం

మే 1 దాటింది. అందరూ డిపాజిట్లు కట్టేశారు. రేపటి నుంచి రెండు వారాలు ఏపీ పరీక్షలు. వాడు రెండు హోంవర్కులు ఇచ్చాడు. మిగతావి రాలేదు. ఇంటికి ఫోను చేశాను. తల్లి ఎత్తింది. "చెబుతానండీ, మా మాట వినడం లేదు" అంది. గొంతులో నిస్సహాయత. ఆవిడని ఏమనగలను?

మే 23, 2025, శుక్రవారం

ఫైనల్ గ్రేడ్లు ఎక్కించాను. వాడికి 66. టెక్సస్‌లో 70 కింద తప్పినట్టే. మా డిస్ట్రిక్ట్‌లో రెండు సెమిస్టర్ల సగటు చూసి క్రెడిట్ ఇస్తారు. 84, 66 కలిపితే సగటు 75. క్రెడిట్ వచ్చింది. టోపీ పెట్టుకుని స్టేజీ ఎక్కుతాడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

కానీ ట్రాన్స్‌క్రిప్టు మీద సగటు కాక 84 విడిగా, 66 విడిగా ఉంటాయి. కౌన్సెలర్‌కీ తెలుసు, నాకూ తెలుసు. ఆ అంకె ఎక్కించి సబ్‌మిట్ నొక్కేముందు చాలాసేపు కూర్చున్నాను. 70 చేయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. లేని పనికి మార్కు వేస్తే, ఎవరి కొడుక్కి ఉన్న పనికి 89 వేశానో ఆ తండ్రికి నేనేం చెబుతాను?

జూలై 24, 2025, గురువారం

వాడే ఫోను చేశాడు. జూన్ ఆఖర్లో యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చిందట, రెండో సెమిస్టర్ మార్కులు ఎందుకు పడిపోయాయో పదిహేను రోజుల్లో రాయమని. సాకులేవీ రాయలేదట. అలసిపోయాననీ, సీటొచ్చాక చదువు ఆపేశాననీ, ఏపీ పరీక్ష కూడా సరిగా రాయలేదనీ రాశాడట. ఇవాళ జవాబు వచ్చింది. సీటు ఉంచారు. మొదటి సెమిస్టర్ అకడమిక్ ప్రొబేషన్. కాలిక్యులస్ కాకుండా ప్రీకాలిక్యులస్‌తో మొదలుపెట్టాలి, అంటే ఇంజనీరింగు వరసలో ఒక సెమిస్టర్ వెనక. మెరిట్ స్కాలర్‌షిప్ తీసేశారు. తండ్రి లోను కోసం బ్యాంకులకి తిరుగుతున్నాడట.

"మిస్, ఆగస్టులో వెళ్లేలోపు మీ దగ్గరకొచ్చి పాఠాలు చెప్పించుకోవచ్చా?"

రమ్మన్నాను. సోమవారం నుంచి పొద్దున పది గంటలకి. ఆ ట్యాంకు లెక్క దగ్గరే మొదలుపెడదామన్నాను.

మూడు వారాల్లో కొత్త సీనియర్లు వస్తారు. ఈసారి స్కూలు తెరిచిన వారమే తల్లిదండ్రుల్ని పిలిచి చెబుతాను. పన్నెండులో పిల్లలు మోయగలిగినన్ని క్లాసులే పెట్టించండి. ఏపీ క్లాసులు ఆరు వద్దు, మూడు చాలు. తీసుకున్నవాటిని మాత్రం మే నెల దాకా చదివించండి. సీటొచ్చిన సాయంత్రం స్వీట్లు పంచండి, వాట్సాప్‌లో మొదటి పేజీ అందరికీ పంపండి. ఆ రాత్రే పిల్లవాడి పక్కన కూర్చుని రెండో పేజీ కూడా చదవండి.